తారు బాటా, మట్టి బాటా?

నడకకూ సైకిళ్లకూ ఉమ్మడిగా ఉన్న బాట మీద తారు వేయాలా వద్దా అన్న మాట వస్తే చాలు, కాలనీ రెండుగా చీలుతుంది. అమెరికాలో వాషింగ్టన్ దగ్గర రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి పోల్చి చూడొచ్చు.

డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ పాత రైలు మార్గం మీద వేసిన 72 కిలోమీటర్ల తారు బాట. మనవాళ్లు ఎక్కువగా ఉండే హెర్న్‌డన్, యాష్‌బర్న్ మీదుగానే పోతుంది. సీ అండ్ ఓ కాలువ గట్టు జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 297 కిలోమీటర్లు. అంతా మట్టీ, రాతిపొడీ. ఒకప్పుడు కంచరగాడిదలు పడవలను లాగుతూ నడిచిన దారి.

వాన వెలిసిన మర్నాడు తేడా తెలుస్తుంది. తారు మీద స్ట్రోలర్, వీల్‌చైర్ హాయిగా సాగుతాయి. గట్టు మీద గుంతల్లో నీళ్లు నిలిచి, సైకిల్ వెనక చక్రం వీపంతా బురద చిమ్ముతుంది.

అయితే తారుతో స్పీడు వస్తుంది. వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" (మీ ఎడమ పక్క నుంచి దాటుతున్నా) అని అరుస్తూ సైకిల్ దూసుకొస్తే, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సరిగ్గా ఎడమవైపుకే జరుగుతారు! మట్టి మీద ఆ టెన్షన్ తక్కువ, మోకాళ్లకూ మెత్తన. పైగా తారు వేస్తే ఇక ఖర్చుండదనుకోవడం భ్రమ. చెట్ల వేళ్లు దాన్నీ పగలగొడతాయి.

నా ఓటు మాత్రం ఊళ్ల మధ్య తారుకే, పక్కన మట్టికి చోటు వదిలితే. డబ్ల్యూ అండ్ ఓడీ వెంట గుర్రాల కోసం సుమారు 51 కిలోమీటర్ల కంకర బాట అలాగే ఉంది. కాలువ గట్టు సాగే, వరదలొచ్చే పొటోమాక్ నది ఒడ్డున మాత్రం తారు వద్దు.