బిజినెస్ మ్యాగజైన్లకు ఇరవై ఏళ్ళుగా డబ్బు కడుతున్నవాడి సమీక్ష

జీడిమెట్లలో నాది అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్. మందుల కంపెనీలకు, బిస్కెట్ల వాళ్ళకు కార్టన్లు వేసి పంపుతాం. నేను ఎంబీఏ చదవలేదు, షేర్ల బ్రోకర్‌నీ కాను. అయినా 2005 నుంచి ఏదో ఒక బిజినెస్ పత్రికకు చందా కడుతూనే ఉన్నాను. పెట్టెలకు మనకేం కొదవ, పాత సంచికలన్నీ వాటిలోనే సర్దేశాను. పోయిన సంక్రాంతికి అటక దులిపితే పదకొండు పెట్టెలు దిగాయి. భోగి మంటలో వేసేయమంది మా ఆవిడ. వేయలేదు. వాటి ముందు కూర్చుని వారం రోజులు చదివాను. ఈ సమీక్ష ఆ చదువులోంచి వచ్చిందే.

మొదట్లో అన్నీ సికింద్రాబాద్ స్టేషన్‌లో కొన్నవే. ముంబై వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. బిజినెస్ ఇండియా 1978 నుంచి ఉంది, బిజినెస్ టుడే 1992లో మొదలైంది. ఈ రెండు పక్షపత్రికలతోనే నాకు బ్యాలెన్స్ షీట్ అంటే భయం పోయింది. తర్వాత 2009లో ఫోర్బ్స్ ఇండియా, 2010లో ఫార్చ్యూన్ ఇండియా వచ్చాయి. కాగితం నున్నగా, ఫొటోలు పెళ్ళి ఆల్బమ్‌లో ఉన్నట్టు ఉండేవి. ఆ నునుపుకే పడిపోయి రెండింటికీ చందా కట్టాను.

కొత్త సంచిక చదివితే తెలియని సంగతి ఒకటి, పాత సంచిక చదివితే తెలుస్తుంది. ఆ వారం రోజుల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది అదే. 2007, 2008 నాటి పెట్టె విప్పితే మన హైదరాబాద్ కంపెనీల పొగడ్తలే పొగడ్తలు. సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. 2008 సెప్టెంబర్‌లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న, లెక్కలు తారుమారు చేశానని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న ఉత్తరం. లెక్కల్లో తేడా 7,136 కోట్లు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దిగితే తినేస్తుందేమోనన్న భయం, అని ఆయనే రాసుకున్నాడు. ఆ తర్వాత నా దగ్గరున్న సంచికలన్నీ ఆడిటర్లను తిట్టాయి, బోర్డును తిట్టాయి, సెబీని కూడా వదల్లేదు. ‘ఆర్నెల్ల కిందట మేం కూడా నమ్మి రాశాం’ అన్న వాక్యం కోసం వెతికాను. నా పెట్టెల్లో దొరకలేదు.

అదే విదేశంలో జరిగిన ఇంకో కథ చూడండి. అమెరికాలో ఫార్చ్యూన్ పత్రిక 2014 జూన్‌లో థెరానోస్ కంపెనీ పెట్టిన ఎలిజబెత్ హోమ్స్ బొమ్మను అట్ట మీద వేసింది. చుక్క రక్తంతో అన్ని పరీక్షలూ చేస్తామన్నది ఆవిడ చెప్పిన కథ. అది కూలడం మొదలయ్యాక, 2015 డిసెంబర్‌లో, ఆ వ్యాసం రాసిన విలేకరి రోజర్ పార్లాఫ్ తాను ఎక్కడ మోసపోయాడో, ఏ ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడగాల్సిందో అదే పత్రికలో విప్పి చెప్పాడు. ఫోర్బ్స్ అయితే 2016 జూన్‌లో ఆవిడ ఆస్తి అంచనాను 450 కోట్ల డాలర్ల నుంచి ఒక్కసారిగా సున్నాకు దించేసింది. తప్పు అందరూ చేస్తారు. సరుకు పాడైతే వెనక్కి తీసుకునే వాడి దగ్గరే నేను పేపర్ రీలు కొంటాను, పత్రిక విషయంలోనూ నాది అదే లెక్క.

ఇక్కడే ఆన్‌లైన్ ఎడిషన్ నాకు పనికొచ్చింది. తాజా వార్తల కోసం కాదు. పొద్దున్నే ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్లన్నీ రెండేళ్ళు చదివాను, టెన్షన్ తప్ప మిగిలిందేం లేదు. సెన్సెక్స్ ఎన్ని పాయింట్లు పడిందో తెలిస్తే నా పెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపర్ రేటు తగ్గుతుందా? పనికొచ్చింది పాత సంచికల్లో వెతికే డబ్బా. ఒక కంపెనీ కొత్తగా ఆర్డర్ ఇస్తానంటుంది, తొంభై రోజుల క్రెడిట్ అడుగుతుంది. వెంటనే ఆ పేరు కొట్టి అయిదేళ్ళ కథనాలు తీస్తాను. పొగడ్తలు పక్కన పెట్టి మూడే చూస్తాను: ఆడిటర్ ఎప్పుడైనా మధ్యలో వదిలి వెళ్ళాడా, ఫైనాన్స్ చూసేవాళ్ళు ఎన్నిసార్లు మారారు, ప్రమోటర్ (అంటే కంపెనీ పెట్టి నడిపించే యజమాని) షేర్లు తాకట్టులో ఉన్నాయా. ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ నుంచి ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది 2023 జూన్‌లో, దివాలా కేసు ట్రిబ్యునల్ చేపట్టింది 2024 జులైలో. మధ్యలో ఏడాది పైన గడువుంది. సరుకు ఇచ్చేవాడికి ఆ ఏడాది చాలు. ఇలా చూసే రెండు ఆర్డర్లు వదులుకున్నాను. ఒకటి వదులుకోకుండా ఉండాల్సింది, వాళ్ళు ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తున్నారు. సరేలెండి.

ఎకానమిస్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎనిమిదేళ్ళుగా ఆపకుండా కడుతున్నది దానికొక్కదానికే. 1843లో లండన్‌లో ఆ పత్రిక పెట్టిన జేమ్స్ విల్సన్ స్కాట్లండ్ మనిషి, టోపీల వ్యాపారి. తర్వాత కలకత్తా వచ్చి వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక వ్యవహారాలు చూశాడు, 1860లో మన దేశానికి ఆదాయపు పన్ను తెచ్చింది ఆయనే. ఆ ఏడాదే కలకత్తాలో పోయాడు. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టే ప్రతిసారీ ఆయన గుర్తొస్తాడు. పన్నూ ఆయనకే, చందా ఆయనకే.

ఆ పత్రికలో వ్యాసం కింద రాసినవాళ్ళ పేరు ఉండదు. మొదట్లో అది నాకు నచ్చలేదు, బాధ్యత ఎవరిదని. అలవాటయ్యాక దాని లాభం తెలిసింది. పేరు కోసం రాసే హడావుడి ఉండదు, పెద్దమనిషిని కలిసొచ్చి ఆయన ఆఫీసు కిటికీలోంచి కనిపించే సముద్రాన్ని వర్ణించే మొదటి పేరా ఉండదు. మన పత్రికల్లో ఆ సముద్రాన్ని దాటేసరికే ఒక పేజీ అయిపోతుంది. ఇంకో మంచి, కొలతలు. మెక్‌డొనాల్డ్స్ బర్గర్ ధరతో దేశదేశాల కరెన్సీని పోల్చే బిగ్ మ్యాక్ సూచీని 1986లో సరదాకే మొదలుపెట్టారు. మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు గొడ్డుమాంసం బర్గర్ అమ్మరు కనుక మన లెక్కకు చికెన్ మహారాజా మ్యాక్ తీసుకుంటారు. డాలర్ రేటు గురించి మా మేనల్లుడికి నేను చెప్పగలిగిన పాఠం అదొక్కటే, వాడికి అర్థమైందీ అదొక్కటే.

యాప్‌లో సంచిక మనకు శుక్రవారం తెల్లారేసరికి ఉంటుంది. మొత్తం సంచికను చదివి వినిపిస్తారు కూడా. కూకట్‌పల్లి నుంచి జీడిమెట్ల వచ్చే దారిలో, ట్రాఫిక్ దయ వల్ల, రోజుకు నాలుగు వ్యాసాలు అయిపోతాయి. మొదటి రెండు నెలలు ఆ ఇంగ్లండ్ యాస పట్టుబడక స్పీడు తగ్గించి విన్నాను. ఇప్పుడు పెంచి వింటున్నాను. వెబ్‌సైట్‌లో 1997 దాకా వెనక్కి వెళ్ళి చదవొచ్చు. లోపాలు లేకపోలేదు. మన పక్షపత్రికలతో పోలిస్తే చాలా ఖరీదు. మన దేశం గురించి రాసినప్పుడు ఢిల్లీ, ముంబై, బెంగళూరు దాటి రావడం తక్కువ. పైగా ప్రతి సమస్యకూ మార్కెట్లను వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయన్న మందు ఒకటి జేబులో పెట్టుకునే తిరుగుతారు. జీడిమెట్లలో కరెంటు పోయినప్పుడు ఆ మందు పని చేయదు.

చైనా చిత్తుకాగితం కథ నేను చదివింది అందులోనే. మా పేపర్ మిల్లులకు పాత అట్టపెట్టెలే ముడిసరుకు. అందులో కొంత అమెరికా, యూరప్‌ల నుంచి ఓడల్లో వస్తుంది. చైనా 2018 నుంచి చెత్త దిగుమతులకు కళ్ళెం వేసింది, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపేసింది. దాంతో అక్కడి వాళ్ళు చిత్తుకాగితం బదులు తయారైన గుజ్జు, రీళ్ళు కొనడం మొదలుపెట్టారు. మన మిల్లులు రీళ్ళు అటు పంపాయి. దానికి తోడు కోవిడ్‌లో కంటైనర్ల కొరత. మా ఏజెంటు మాత్రం ‘పైన రేటు పెరిగింది సార్’ అనేవాడు, పైన అంటే ఎక్కడో చెప్పలేడు. ఆ వ్యాసాలు ప్రింటు తీసి ఒక కంపెనీ పర్చేజ్ మేనేజర్ ముందు పెట్టాను, నా పెట్టె ధర ఎందుకు పెంచాలో చెబుదామని. శ్రద్ధగా చదివాడు. రేటు పెంచలేదు, టీ ఇప్పించాడు. కానీ ఆ తర్వాతి నెల ఇంకా పెరుగుతుందని అంచనా వేసి రెండు లోడ్ల పేపర్ ముందే దించుకున్నాను. ఆ ఒక్క దెబ్బకు నా ఎనిమిదేళ్ళ చందా వచ్చేసింది.

ఇప్పుడు చేదు సంగతులు. ఒక పక్షపత్రికకు మూడేళ్ళ చందా కడితే ట్రాలీ బ్యాగు ఉచితం అన్నారు. బ్యాగు మూడు వారాల్లో వచ్చింది. పత్రిక మాత్రం ఏడాదికి ఇరవై ఆరు రావాల్సింది పదిహేనో పదహారో వచ్చేది. ఫోన్ చేస్తే పోస్టాఫీసులో అడగమంటారు, పోస్ట్‌మ్యాన్‌ని అడిగితే ‘వస్తే ఇవ్వకుండా ఉంటానా అన్నా’ అంటాడు. బ్యాగు ఇప్పటికీ తిరుపతి వెళ్ళొస్తోంది.

ఇంకో విదేశీ పత్రిక మొదటి మూడు నెలలు కారుచౌకగా ఇచ్చి, నాలుగో నెల నుంచి పూర్తి ధర కార్డు మీద లాగేది. ఆపుదామంటే బటన్ దొరకదు, చాట్‌లోకి వెళ్ళాలి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన వచ్చింది: ఇలా తనంతట తాను కట్ అయ్యే డబ్బుకు ఒక రోజు ముందు మనకు కబురు చెప్పాలి, 5,000 దాటితే ప్రతిసారీ మన ఓటీపీ కావాలి. (తర్వాత 2022లో ఆ పరిమితిని 15,000 చేశారు.) నా కార్డు మీద వాళ్ళ డబ్బు కట్ కావడం ఆగిపోయింది. అప్పుడు వాళ్ళే మెయిల్ పంపారు, సగం ధరకు ఇస్తాం రమ్మని. ఇప్పుడు ఏ చందా అయినా కాలెండర్‌లో గడువుకు పది రోజుల ముందు గుర్తు పెట్టుకుంటాను, రద్దు చేయబోతున్నట్టు కనిపిస్తాను. తగ్గింపు దానంతట అదే వస్తుంది.

అన్నిటికంటే తమాషా 2019లో జరిగింది. ఒకమ్మాయి ఫోన్ చేసింది. ‘సార్, దేశంలో పది ఉత్తమ ప్యాకేజింగ్ కంపెనీల్లో మిమ్మల్ని ఎంపిక చేశాం, మా మ్యాగజైన్‌లో రెండు పేజీల ఇంటర్వ్యూ వస్తుంది’ అంది. నా యూనిట్‌లో అప్పుడు పద్నాలుగు మంది. ఉత్తమం ఎలా అయ్యానమ్మా అంటే రీసెర్చ్ టీమ్ చేసిందంది. నిజం చెప్పొద్దూ, ఒక పూట గాల్లో తేలాను. మా ఆవిడకు కూడా చెప్పేశాను. సాయంత్రం మెయిల్ వచ్చింది: ఎంపిక ఉచితమే, పేజీలకు, అద్దాల ఫ్రేముకు, లోగో వాడుకోవడానికి మాత్రం 85 వేలు, దాని మీద జీఎస్టీ. మా వీధిలోనే పాలిథిన్ కవర్లు చేసే ఆయనకూ అదే ఫోన్ వచ్చిందట, ఆయన కట్టాడు. ఫ్రేము ఆఫీసులో గోడకు ఉంది, బాగానే ఉంది. అప్పటి నుంచి ఏ సైట్‌లో ఏ వ్యాసం చదివినా పైన చిన్న అక్షరాల్లో ఏముందో ముందు చూస్తాను. ‘ఇంపాక్ట్ ఫీచర్’, ‘పార్ట్‌నర్ కంటెంట్’, ‘బ్రాండ్ స్టూడియో’ – అన్నీ డబ్బు తీసుకుని వేసేవే, పేర్లు ఎన్నయినా తాంబూలం ఒక్కటే. ఫోర్బ్స్ సైట్‌లో సొంత విలేకరులతో పాటు బయటి కంట్రిబ్యూటర్లు రాస్తారు, రుసుము కట్టి చేరే కౌన్సిళ్ళ సభ్యుల వ్యాసాలూ ఉంటాయి. అవి దాచినవేం కావు, పేరు పక్కనే రాసి ఉంటుంది. ఫోన్‌లో వేలితో తోసేస్తూ పోయేవాడికి అది కనపడదు, అంతే.

అన్నీ కొంచెం కొంచెం చూడాలనుకునే వాళ్ళకు 2011లో మొదలైన మ్యాగ్జ్‌టర్ లాంటి యాప్ చాలు. ఒకే చందాకు వేల పత్రికలు. మామూలు ఫోన్‌లో పేజీని పెద్దది చేసుకుంటూ చదవడం కళ్ళకు శిక్ష, ట్యాబ్ ఉంటే హాయి. చిక్కల్లా ఒక్కటే, పెళ్ళి భోజనంలా అన్నీ వడ్డిస్తే ఏదీ పూర్తిగా తినం. నేను ఏడాది వాడి, చివరిదాకా చదివిన సంచికలు లెక్కేస్తే ఏడు తేలాయి. దానికి పూర్తిగా ఎదురు దారి బెంగళూరు వాళ్ళు 2016లో పెట్టిన ద కెన్, రోజుకు ఒక్క పెద్ద కథనం. కాగితం పత్రికే లేదు. మా అమ్మాయి చందా కడుతుంది, నేను దాని ఫోన్‌లో చదువుతాను.

తెలుగులో ఇలాంటి లోతైన పత్రిక కోసం ఇన్నేళ్ళూ చూశాను. దినపత్రికల్లో బిజినెస్ పేజీలు ఉన్నాయి, డబ్బు దాచుకోవడం గురించి, ఇన్సూరెన్సు గురించి చక్కగా చెబుతాయి. కానీ మన ఊరి ఫౌండ్రీ ఎందుకు మూతపడిందో, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్క ఏమిటో నాలుగు పేజీల్లో తెలుగులో చదవాలని ఉంటుంది. మా ఫోర్‌మ్యాన్ లెక్కలో నాకంటే చురుకు, ఇంగ్లిష్ రాదు. చైనా కథ అతనికి నేను నోటితో చెప్పాల్సొచ్చింది, సగం మర్చిపోయి చెప్పాను.

కొత్తగా చందా కట్టబోతున్న వాళ్ళు ముందు ఒక ఆదివారం, పాత పుస్తకాలు అమ్మే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్ళండి. మీరు కొనాలనుకుంటున్న పత్రికది ఏడెనిమిదేళ్ళ కిందటి సంచికలు నాలుగు తెచ్చుకోండి. అట్ట మీద ఉన్నవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారో ఫోన్‌లో చూడండి, ఆ తర్వాత అదే పత్రిక వాళ్ళ గురించి ఏం రాసిందో కూడా చూడండి. కాగితమా, యాపా అన్నది ఆ తర్వాతి మాట.

ఈ ఏడాది నేను ఎకానమిస్ట్ డిజిటల్ ఉంచుకున్నాను, ఒక దేశీ పక్షపత్రికను కాగితం మీదే ఉంచుకున్నాను, మిగతావన్నీ ఆపేశాను. పదకొండు పెట్టెల్లో ఆరింటిని చిత్తుకాగితం వాడికి ఇచ్చాను. నున్నటి కాగితం కాబట్టి కిలోకు రెండు రూపాయలు తక్కువే ఇస్తానన్నాడు. సత్యం పెట్టె మాత్రం మళ్ళీ అటకెక్కింది.