జవాను భార్యకు భరణం: యూనిట్‌కు అర్జీ మేలా, ఫ్యామిలీ కోర్టు మేలా?

"మేడమ్, మా ఆయన ఆర్మీలో ఉన్నారు. కొన్ని నెలలుగా ఇంటికి డబ్బు పంపడం లేదు. విడాకులిస్తానంటున్నారు. సీవో (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) గారికి రాయమని ఒకరంటున్నారు, కోర్టులో కేసు వేయమని ఇంకొకరంటున్నారు. ఏది మంచిది?" శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పశ్చిమ గోదావరి నుంచి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. విడిగా చెప్పిందే చెప్పేకన్నా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. విడాకులకు కారణాలేమిటి, పిటిషన్ ఎలా ఉంటుంది లాంటివి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

రెండు దారులనూ చాలామంది "ఎక్కడ ఎక్కువ వస్తుంది?" అన్న లెక్కతో పోలుస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది వసూలు. ఆర్డర్‌లో పాతిక వేలని ఉండి చేతికి ఏమీ రాకపోతే పిల్లల స్కూల్ ఫీజు కట్టలేం. జవాను విషయంలో ఈ వసూలు దగ్గరే చట్టం మామూలు ఉద్యోగుల కన్నా భిన్నంగా ఉంటుంది.

భర్త టీచరో బ్యాంకు ఉద్యోగో అయితే, భరణం కట్టనప్పుడు కోర్టు అతని జీతంలో కొంత భాగాన్ని జప్తు చేయించగలదు. సైనికుడి జీతానికి అది కుదరదు. 1950 నాటి ఆర్మీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు గానీ రెవెన్యూ కోర్టు గానీ తన డిక్రీ కింద సైనికుడి జీతభత్యాలను జప్తు చేయడానికి వీల్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. విడాకుల కేసు నడుస్తుండగా హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం ఆర్డర్ తెచ్చుకుని, ఇక జీతంలోంచి కోత పడుతుందని ధీమాగా ఉన్నవాళ్లు ఈ గోడ దగ్గరే ఆగిపోతుంటారు.

అదే ఆర్మీ చట్టం ఇంకో తలుపు తెరిచి ఉంచింది. ఆఫీసర్లకు 90వ సెక్షన్, జేసీవోలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు), జవాన్లకు 91వ సెక్షన్ ఉన్నాయి. భార్యాపిల్లలను పోషించకుండా వదిలేసినవాడి జీతంలోంచి సైన్యమే కోత పెట్టి వాళ్లకు పంపే వీలు వీటిలో ఉంది. ఆర్మీ ఆర్డర్ల ప్రకారం భార్యకు గరిష్ఠంగా జీతభత్యాల్లో 22 శాతం వరకు ఇస్తారు. పిల్లలతో కలిపి మొత్తం 33 శాతం దాటదు. ఒకసారి ఆర్డర్ అయ్యాక పే అకౌంట్స్ ఆఫీసు నెలనెలా కోసి మీ ఖాతాలో వేస్తుంది. మధ్యలో అతన్ని అడగాల్సిన పని లేదు, బతిమాలాల్సిన పని అంతకన్నా లేదు. శాతం లెక్క కాబట్టి ఇంక్రిమెంట్ వచ్చినా డీఏ పెరిగినా మీ వాటా దానితో పాటే పెరుగుతుంది. కోర్టు ఆర్డర్‌లో అంకె సాధారణంగా ఒకచోటే నిలబడిపోతుంది, పెంచమని మళ్లీ పిటిషన్ వేసుకోవాలి.

అర్జీ సీవో గారి పేరు మీద వెళ్తుంది. లాయర్ తప్పనిసరి కాదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా ఎవరూ కాదనరు, కానీ హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ రాస్తే పని త్వరగా కదులుతుంది. అర్జీ అందాక జవానుకు షోకాజ్ నోటీసు ఇస్తారు, అతని జవాబు తీసుకుంటారు, సీవో తన అభిప్రాయం రాసి పైకి పంపుతారు, ఆర్డర్ వేసేది పై అధికారి. నెలల సమయం పడుతుంది. యూనిట్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలే సమయమైతే ఇంకా ఆలస్యం. అందుకే నకలు ఒకటి, జవాను సర్వీసు రికార్డులుండే రికార్డ్ ఆఫీసుకు కూడా రిజిస్టర్డ్ పోస్టులో పంపమంటాను. యూనిట్ ఎక్కడున్నా రికార్డ్ ఆఫీసు అడ్రస్ మారదు. ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్), ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ కోర్) వాళ్లకైతే అది సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఈ దారిలో చిక్కులూ ఉన్నాయి. మొదటిది, మీ పెళ్లి సైన్యం రికార్డుల్లో ఉండాలి. పెళ్లయ్యాక జవాను తన యూనిట్‌లో చెప్పి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో పెళ్లిని నమోదు చేసే ఉత్తర్వు) వేయించుకోవాలి. అది వేయించకపోతే రికార్డులో అతను ఇంకా పెళ్లికాని వాడే. అప్పుడు మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లి ఫొటోలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జతచేసి పోరాడాలి. రెండోది, మీకు సొంత సంపాదన ఉంటే, లేదా కారణం లేకుండా మీరే విడిగా ఉంటున్నారని అతను నమ్మించగలిగితే, అర్జీ తిరస్కరించవచ్చు. దానిమీద సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు గానీ అది ఇంకో పెద్ద పని.

మూడో చిక్కు అన్నిటికన్నా పెద్దది. ఈ కోత అతను సైన్యంలో ఉన్నంతవరకే, మీరు చట్టం ముందు అతని భార్యగా ఉన్నంతవరకే. విడాకుల డిక్రీ రాగానే భార్య వాటా ఆగిపోతుంది, పిల్లల వాటా మాత్రం నడుస్తుంది. అతను రిటైరైతే మొత్తం ఆగుతుంది. జవాన్లు ముప్ఫైల్లో, నలభైల మొదట్లోనే పెన్షన్ మీద ఇంటికొచ్చేస్తారు కాబట్టి ఇది ఎప్పుడో జరిగే సంగతి కాదు.

కోర్టు బలం సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144వ సెక్షన్ అయింది. ఇందులో భార్య అంటే విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా. కాబట్టి డిక్రీ వచ్చినా, అతను రిటైరైనా ఈ హక్కు నిలబడుతుంది. మీరున్న ఊళ్లోనే వేయొచ్చు, అతని పోస్టింగ్ ఉన్నచోటికి తిరగక్కర్లేదు. నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, మధ్యంతర భరణం తేల్చాలని చట్టంలోనే ఉంది. కట్టకపోతే వారంట్ వేయించవచ్చు, ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు కూడా ఉంది. అయితే సరిహద్దులో ఉన్న మనిషి మీద వారంట్ అమలు కావడం ఎంత కష్టమో ఊహించుకోండి. నోటీసు సీవో ద్వారా వెళ్లి తిరిగి రావడానికే వాయిదాలు గడిచిపోతాయి. పైగా అతను జైలుకెళ్తే ఉద్యోగానికి ముప్పు, ఆ ఉద్యోగం మీదే మీ భరణం ఆధారపడి ఉంది.

ఎంత వస్తుందన్న లెక్కలో కోర్టుదే కాస్త పైచేయి. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు న్యాయమైన భరణమంది. అది అన్ని కేసులకూ కట్టుబాటు కాదు గానీ జడ్జిలు దాన్ని గుర్తుంచుకుంటారు. 2020 నవంబరులో రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలి, భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకడతారు.

నా మొగ్గు యూనిట్ అర్జీ వైపే. అతనికి ఇంకా సర్వీసు ఉండి, విడాకుల డిక్రీ దగ్గర్లో లేకపోతే ముందు అదే చేయండి. తర్వాత 144 కింద కేసూ వేయండి. రెండూ కలిపి నడపడం తప్పు కాదు. కాకపోతే ఒకచోట వస్తున్నది ఇంకోచోట దాచకూడదు. యూనిట్ నుంచి వస్తున్న మొత్తాన్ని కోర్టు సర్దుబాటు చేస్తుంది, రజనేష్ తీర్పే ఆ మాట చెప్పింది. "రెండు చోట్లా కట్టాలా?" అని భయపడే జవాన్లకు కూడా జవాబు ఇదే.

పరస్పర అంగీకార విడాకుల కాగితాలు ముందు పెట్టి "సంతకం పెట్టెయ్, గొడవ అయిపోతుంది" అన్నప్పుడు మాత్రం దయచేసి ఆగండి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద మొదటి మోషన్‌కు (ఇద్దరూ పిటిషన్ వేయడం), రెండో మోషన్‌కు (అంగీకారాన్ని మళ్లీ కోర్టు ముందు చెప్పడం) మధ్య ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పాక ఈ పని చాలా తొందరగా అయిపోతోంది. డిక్రీతో మీకు పోయేవి భరణం కోత ఒక్కటే కాదు. డిపెండెంట్ కార్డు, క్యాంటీన్, మిలిటరీ హాస్పిటల్ వైద్యం, రేపు అతనికేదైనా అయితే వచ్చే ఫ్యామిలీ పెన్షన్, అన్నీ పోతాయి. విడాకులు కాకుండా విడిగా ఉన్న భార్య సాధారణంగా ఫ్యామిలీ పెన్షన్ హక్కు కోల్పోదు, విడాకులు తీసుకున్న భార్యకు అది ఉండదు. నెలనెలా ఇస్తానన్న హామీ మీద సంతకం పెట్టొద్దు. మొత్తం ఒకేసారి, సగం మొదటి మోషన్ రోజు, మిగతా సగం రెండో మోషన్ రోజు డీడీ రూపంలో కోర్టు ముందే తీసుకోండి. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో పిల్లల పేరు నామినీగా ఉంచాలన్న షరతు ఒప్పందంలో రాయించండి. పిల్లల ఫ్యామిలీ పెన్షన్ హక్కు మీ విడాకులతో పోదు, దాన్ని వదులుకుంటున్నట్టు ఎవరైనా రాస్తే కొట్టేయించండి.

జవాన్లకూ ఒక మాట. సెలవు దొరకలేదని కోర్టుకు రాకుండా ఊరుకుంటే ఎక్స్‌పార్టీ ఆర్డర్ (మీ వాదన వినకుండానే ఇచ్చే ఆర్డర్) వస్తుంది. సెలవు సర్టిఫికెట్ చూపిస్తే ఆ సెలవులోనే వీలైనంతవరకు కేసు విచారించి ముగించాలని ఆర్మీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. యుద్ధ పరిస్థితుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తుంటే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం కింద సివిల్ వ్యాజ్యాన్ని వాయిదా వేయించుకోవచ్చు. ఇవి ఉన్నది మీకు రక్షణగా, భార్యను ఏళ్లతరబడి తిప్పడానికి కాదు.

మిగతా దారుల సంగతి క్లుప్తంగా. గృహహింస చట్టం ఇంట్లో కొట్టడం, గెంటేయడం ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది, భరణం ఒక్కదానికే అయితే 144 చాలు. జ్యుడీషియల్ సెపరేషన్‌లో (విడాకులు లేకుండా కోర్టు ఆర్డర్‌తో విడిగా ఉండడంలో) భార్య హోదా మిగులుతుంది, విడాకులకు ఇంకా మనసు సిద్ధంగా లేనివాళ్లు ఆలోచించవచ్చు. రెండో పెళ్లి ఫిర్యాదు విషయంలో మాత్రం తొందరపడొద్దు. మొదటి భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకుంటే సైన్యం దాన్ని తీవ్రంగా చూస్తుంది, ఉద్యోగం పోవచ్చు. డిస్మిస్ అయితే మామూలుగా పెన్షన్ కూడా ఉండదు, మీ భరణం ఎక్కడి నుంచి వస్తుందో ముందే లెక్క చూసుకోండి.

నేవీ, ఎయిర్‌ఫోర్స్ భార్యలకూ ఇలాంటి కోత ఏర్పాటు ఉంది, సెక్షన్లు వేరు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వాళ్లకు ఆర్మీ చట్టం వర్తించదు, అవి హోంశాఖ కింద ఉంటాయి. లాయర్‌కు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. వెళ్లేటప్పుడు అతని ఆర్మీ నంబర్, ర్యాంకు, యూనిట్ పేరు, ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రస్ రాసుకుని వెళ్లండి. పాత క్యాంటీన్ కార్డు మీదో, మీ డిపెండెంట్ కార్డు మీదో వీటిలో కొన్ని ఉంటాయి. వాటి ఫొటో ఇప్పుడే తీసి పెట్టుకోండి.