డెక్కా, ఇంజనా, ఈటీవోనా: ఇప్పుడు ఓడ ఎక్కేవాడికి ఏది మేలు?

“మావయ్యా, మనుషుల్లేని ఓడలు వచ్చేస్తున్నాయంట కదా. నేను చదువు ముగించి వచ్చేసరికి నాకు అందులో చోటుంటాదా?”

మా అక్క కొడుకు సోంపేట నుంచి చెన్నై వచ్చి పది రోజులైంది. ఇంటర్ ఎంపీసీ అయింది, ఓడ చదువులకు పెట్టే ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్‌లో ర్యాంకు వచ్చింది. మొన్న సాయంత్రం మెరీనాలో కూర్చుని, పోర్టు బయట లంగరేసి ఉన్న ఓడలను చూస్తూ ఈ మాట అడిగాడు. వాడి ముందు మూడు దారులున్నాయి. డెక్‌లో, అంటే ఓడకు దారి చూపించి నడిపే వైపు చేరడం, ఇంజన్ వైపు వెళ్లే మెరైన్ ఇంజనీరింగ్ చదవడం, లేదంటే మామూలు ఎలక్ట్రికల్ బీటెక్ చేసి ఈటీవోగా, అంటే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరుగా ఎక్కడం. నేను పందొమ్మిదేళ్లుగా ఇంజన్ రూములో ఉన్నవాణ్ని. చెన్నై ఉత్తండిలోని మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ, ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట ఉన్న కాలేజీల్లోనూ చదివే మన తెలుగు పిల్లలు చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ మనుషుల్లేని ఓడ సంగతి. అందరూ చెప్పే పేరు నార్వేలోని యారా బిర్కెలాండ్. 80 మీటర్ల పొడవు, 120 కంటైనర్లు, బ్యాటరీతో నడుస్తుంది. ఎరువుల కర్మాగారం నుంచి పక్కనున్న రేవు దాకా తిరుగుతుంది. 2022లో సరుకు మోయడం మొదలుపెట్టాక కూడా మొదట మనుషులతోనే నడిచింది. ఇలాంటి ఓడల కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నియమాలు రాస్తోంది. వాటిని 2032 జనవరి నుంచి తప్పనిసరి చేయాలన్నది లక్ష్యం. తీరం వెంట తిరిగే చిన్న ఓడ వేరు, నెల రోజులు నడిసముద్రంలో ఉండే ఓడ వేరు. పెద్ద ఓడలు రేపే ఖాళీ అయిపోవు.

అలాగని ఏమీ పోదని పిల్లలకు అబద్ధం చెప్పలేను. రేడియో ఆఫీసరు ఉద్యోగం నేను ఓడ ఎక్కకముందే పోయింది. ఉపగ్రహాలను కూడా వాడుకునే జీఎండీఎస్ఎస్ అనే ఆపద సందేశాల పద్ధతి 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాక మోర్స్ సంకేతాలు కొట్టే మనిషి అవసరం తీరిపోయింది. వాళ్లలో కొందరు టంకం పెట్టడం, సర్క్యూట్ చదవడం తెలిసినవాళ్లు. వాళ్లు ఎలక్ట్రికల్ పనిలోకి మారి నిలబడ్డారు. మిగతావాళ్లు ఇంటికెళ్లారు. అప్పుడు జరిగిందే ఇప్పుడూ చూసుకోవాలి. కనిపెట్టి చూసే పని పోతుంది, విప్పి బాగుచేసే పని మిగులుతుంది.

డెక్ వైపు చూస్తే ఓడ నడిపే గది అయిన బ్రిడ్జి మీద కాగితపు చార్టుల స్థానంలో ఎక్డిస్ అనే ఎలక్ట్రానిక్ చార్టు తెరలు వచ్చాయి, ఆటోపైలట్ దారి పట్టుకుంటుంది. వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో ఉన్న ఆఫీసరు నిద్రపోలేదని రుజువుగా కొన్ని నిమిషాలకొకసారి బటన్ నొక్కాలి, లేకపోతే అలారం మోగుతుంది. పని తేలికైందని అనిపిస్తుంది కానీ, ప్రమాదం అక్కడే ఉంది. 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ బెర్ముడా నుంచి బోస్టన్ బయలుదేరింది. కాసేపటికే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడింది. జీపీఎస్ తనంతట తాను లెక్కకట్టిన స్థానం చూపించడం మొదలుపెట్టింది. తెర మీద చిన్న అక్షరాల గుర్తులు మాత్రమే మారాయి. దాదాపు 34 గంటలు ఎవరూ గమనించలేదు. ఓడ 17 మైళ్లు దారి తప్పి నాంటకెట్ దగ్గర ఇసుకమేటలో కూరుకుపోయింది. కిటికీలోంచి చూసి, తెరను అనుమానించగలిగే మనిషి కావాలి. కంటితోనూ చెవితోనూ కాపలా కాయాలని సముద్రపు రూళ్లలో ఐదోది నేటికీ చెబుతోంది. పైగా ఎప్పటికైనా కెప్టెన్ కావాలంటే దారి ఇదొక్కటే. కానీ కిందిమెట్టు వాచ్ పనుల మీదే ఆటోమేషన్ కన్ను ముందు పడింది. కెప్టెన్ కుర్చీ ఉంటుంది. అక్కడికి తీసుకెళ్లే మెట్లు మాత్రం తగ్గవచ్చు.

ఇంజన్ వైపు ఆటోమేషన్ కొత్తేమీ కాదు. యూఎంఎస్ అనే, ఇంజన్ రూముకి కాపలా మనిషి అక్కర్లేని ఓడల్లో రాత్రి ఇంజన్ రూములో ఎవరూ ఉండరు, డ్యూటీ ఇంజనీరు కేబిన్‌లో పడుకుంటాడు, అలారం అక్కడ మోగుతుంది. ఒకసారి రాత్రి మూడు దాటాక బిల్జి, అంటే అడుగున నీళ్లు చేరే గుంట, నిండిందని మోగింది. దిగాను. ఒంటరిగా దిగితే డెడ్‌మ్యాన్ అలారం ఆన్ చేసుకోవాలి, మధ్యమధ్యలో దాన్ని రీసెట్ చేస్తూ ఉండాలి, మరిచిపోతే పైవాళ్లందరినీ లేపుతుంది. బిల్జిలో నీళ్లు లేవు, ఫ్లోటుకి మడ్డి పట్టింది, అంతే. కడిగేసి పైకి వస్తుంటే రెండో జనరేటర్ పక్కన డీజిల్ వాసన తగిలింది. టార్చి వేశాను. ఫ్యూయల్ పైపు జాయింటు దగ్గర సన్నగా, దారంలా చెమ్మ దిగుతోంది. చేతిగుడ్డ పెడితే తడిసింది. అక్కడికి జానెడు దూరంలో పొగగొట్టం ఎర్రగా కాగుతోంది. కంట్రోల్ రూములో ఒక్క దీపం కూడా వెలగలేదు. జనరేటర్ మార్చి, సెకండ్ ఇంజనీరుని లేపి, తెల్లవారేలోపు జాయింటు వేశాం. ఇంజన్ రూము మంటలు ఎక్కువగా ఇలాగే, కాగిన లోహం మీద ఇంధనం పడే మొదలవుతాయి.

ఇది చెప్పేసరికి వాడు, “అయితే సెన్సరు పెంచితే సరిపోదా?” అన్నాడు. పెంచుతారు. పెంచినకొద్దీ ఆ సెన్సర్లను శుభ్రం చేసేవాడు కావాలి. కామ్‌షాఫ్ట్ అనే ఇరుసు ఉన్న పాత ఇంజన్ల చోట ఇప్పుడు కంప్యూటరే ఇంధనం చిమ్మే క్షణాన్ని నిర్ణయిస్తోంది. ఇంజన్ వివరాలు తీరంలోని ఆఫీసుకి నేరుగా వెళ్తున్నాయి. కానీ పిస్టన్ ఊడదీయాలన్నా, నూనె శుద్ధిచేసే ప్యూరిఫయర్ విప్పి కడగాలన్నా నూనె మరకల చేతులే కావాలి. ఈ పని మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

ఈటీవో మూడో దారి. నావికుల శిక్షణ మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో చేసిన మనీలా సవరణలతో ఈ హోదాకి ప్రత్యేక సర్టిఫికెట్ వచ్చింది, 2012 నుంచి అమల్లో ఉంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు కోర్సు చిన్నది. అవసరం ఎంత ఉందో చెప్పడానికి డాలీ అనే ఓడ చాలు. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో 300 మీటర్ల ఆ కంటైనర్ ఓడ కరెంటు పోయి వంతెనను కొట్టింది, ఆరుగురు కార్మికులు చనిపోయారు. అందులో సిబ్బంది దాదాపు అంతా మన భారతీయులే. తీగకు చుట్టిన పేరు పట్టీ అడ్డుపడి అది టెర్మినల్‌లో సరిగ్గా కూర్చోలేదని, ఆ వదులు కనెక్షనే కరెంటు పోవడానికి కారణమని అమెరికా దర్యాప్తు తేల్చింది. ఓడలో అలాంటి తీగలు వేలల్లో ఉంటాయి. ఒక్కొక్కటీ లాగి చూసే ఓపిక మనిషిదే.

అయితే ఈ దారిలో నిచ్చెన పొట్టిది. ఈటీవోగా ఎక్కి ఈటీవోగానే రిటైర్ కావచ్చు, అక్కడి నుంచి చీఫ్ ఇంజనీరు కాలేడు. పైగా ప్రతి ఓడలో ఈటీవో ఉండి తీరాలని అంతర్జాతీయ నియమం లేదు, చాలా చోట్ల కంపెనీ ఇష్టం. ఇప్పటికే ఎలక్ట్రికల్ బీటెక్ చేసినవాడికి నిస్సందేహంగా ఇదే మంచిది. ఇంటర్ దాటిన పిల్లాడు మాత్రం పొట్టి నిచ్చెన కోసం నాలుగేళ్లు ఎందుకు పెట్టాలి?

కంటిచూపు సంగతి కూడా చూసుకోవాలి. డెక్‌కి అద్దాలు లేకుండా మంచి చూపు కావాలి, ఇంజనుకి కొంతవరకు ఒప్పుకుంటారు, రంగులు తేడా తెలియకపోతే రెండూ కుదరవు. ఫీజు కట్టకముందే పరీక్ష చేయించుకోవాలి. మావాడికి అద్దాలున్నాయి. అవి లేకపోయినా నా మాట మారేది కాదు: మెరైన్ ఇంజనీరింగ్ తీసుకో, కానీ ఎలక్ట్రికల్ పనిని పక్కవాడిదని వదిలెయ్యకు. సర్క్యూట్ చదవగలిగిన ఇంజనీరుకి రేపు ఓడ మీదా, తీరంలోని కంట్రోల్ రూములోనూ చోటుంటుంది.

మర్నాడు వాణ్ని ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్లి మల్టీమీటర్ కొనిచ్చాను. ఇంటికొచ్చి మెయిన్ ఆపి, మా వంటింటి మోటారు స్విచ్ విప్పాడు. లోపల ఒక స్క్రూ వదులుగా ఉంది.