‘అల్ ఇర్హాబ్ వల్ కబాబ్’: ఆదిల్ ఇమామ్‌ని ఇక్కడి నుంచే మొదలుపెట్టండి

ఈజిప్టు హాస్యనటుడు ఆదిల్ ఇమామ్ సినిమాల్లో ముందు ఏది చూడాలంటే, 1992లో వచ్చిన ఈ సినిమానే. పేరుకి అర్థం ‘ఉగ్రవాదం, కబాబ్’. రచన వహీద్ హామిద్, దర్శకత్వం షరీఫ్ అరఫా.

అహ్మద్ ఒక చిన్న ఉద్యోగి. పిల్లల్ని ఇంటికి దగ్గర్లోని బడికి మార్పించాలి. అందుకోసం కైరో తహ్రీర్ మైదానంలోని మొగమ్మకి వెళ్తాడు. అప్పట్లో సర్కారు ఆఫీసులన్నీ ఒకేచోట కుక్కిన 14 అంతస్తుల భవనం అది. కాగితం చూడాల్సిన గుమస్తా నమాజు ముగించడు, సీట్లోకి రాడు. తిరిగి తిరిగి విసిగిన అహ్మద్ కలబడతాడు, ఆ పెనుగులాటలో కాపలావాళ్ల తుపాకీ అతని చేతికొస్తుంది. అంతే, బయటివాళ్ల లెక్కలో ఉగ్రవాది అయిపోతాడు. డిమాండ్లేమిటని అడిగితే అతని దగ్గర ఒక్కటీ లేదు. లోపలున్నవాళ్లంతా ఆకలితో ఉన్నారు కాబట్టి కబాబ్, కోఫ్తా పంపమంటారు!

ఇమామ్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. నవ్వించాలని ముఖం వంకర్లు తిప్పడు. కనురెప్పలు బరువుగా వాల్చి, జవాబుకి ముందు ఒక్క క్షణం ఆగుతాడు. నాటకరంగంలో అబ్బిన ఒడుపది. కైరో విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదివిన ఈయన 1960లలో హాస్యనటుడు ఫువాద్ అల్ ముహందిస్ పక్కన వకీలు గుమస్తా వేషంతోనే జనానికి తెలిశాడు. జనం నవ్వు ఎక్కడ లేస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో కొలిచిన మనిషి.

లోపమూ ఉంది. రెండో సగంలో బందీలు ఒక్కొక్కరే గోడు చెప్పుకుంటుంటే నడక మందగిస్తుంది. నటి యుస్రా పాత్రకి ఇంకా పని ఇవ్వాల్సింది.

సబ్‌టైటిల్స్ విషయంలో జాగ్రత్త. గల్ఫ్‌లో ఉండి అరబ్బీ నేర్చినవారికి కూడా మొదట్లో తికమకే: కైరో మాటలో ‘జ’ కాస్తా ‘గ’ అవుతుంది, ‘ఖహ్వా’ (కాఫీ) ‘అహ్వా’ అవుతుంది. యంత్రం తయారుచేసిన సబ్‌టైటిల్స్ ఈ యాసకి తరచూ తడబడతాయి, మనిషి చేసినవే వెతకండి. పరీక్షించడానికి బందీల నినాదం చాలు. అందులో ‘కబాబ్’కి ప్రాస ‘హిబాబ్’, అంటే మసి. కబాబ్ ఇవ్వకపోతే మీ బతుకు మసి చేస్తామని అర్థం. అక్కడ పొంతనలేని మాటలు కనిపిస్తే ఆ ఫైల్ వదిలేయండి.

తర్వాత ఇదే రచయిత, దర్శకుడు ఇమామ్‌తో 1995లో తీసిన ‘తుయూర్ అజ్జలామ్’ చూడండి. 2006 నాటి ‘ఇమారత్ యాకూబియాన్’లో నవ్వు తక్కువ, బరువు ఎక్కువ. 1976లో మొదలైన ‘షాహిద్ మషాఫ్ష్ హాగా’ లాంటి రంగస్థల నాటకాల రికార్డింగులు మాత్రం చివరికి ఉంచుకోండి. గంటలకొద్దీ సాగుతాయి, నవ్వంతా మాటల విరుపులోనే ఉంటుంది. యాస చెవికి అలవాటు కాకముందే పెడితే సగంలోనే ఆపేస్తారు.