ఆపరేషన్ తేదీ వచ్చేలోగా అమ్మ మోకాళ్లకు ఏది మేలు?

మోకాలు మార్చాలి అని డాక్టరు చెప్పిన రోజుకీ, నిజంగా ఆపరేషన్ జరిగే రోజుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుకి ఆరోగ్య కార్డు పని తెమలాలి, షుగర్ అదుపులోకి రావాలి, టెస్టులు అవ్వాలి, మన వంతు రావాలి. ఒడిశాలోని బరంపురంలో మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది అదే. నొప్పి మాత్రం వంతు కోసం ఆగదు కదా. ఈలోగా సలహాలకి కొదవ లేదు. బిళ్ల వేయమని ఒకరు, ఇంజెక్షన్ పొడిపించమని ఒకరు, ఫలానా ఊళ్లో ఎవరో పొడి ఇస్తున్నారని ఇంకొకరు.

అన్నీ విని నేను ఒకటే షరతు పెట్టుకున్నాను. ఇవాళ ఉపశమనం ఇచ్చేది ఏదైనా సరే, రేపటి ఆపరేషన్‌కి అడ్డు పడకూడదు.

అన్నిటికంటే పెద్ద వాదన నొప్పి బిళ్లకీ, పైపూతకీ మధ్య. వేగంలో బిళ్లదే గెలుపు. డైక్లోఫెనాకో, అసెక్లోఫెనాకో ఒకటి పడిందంటే కాసేపటికే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. జెల్ అలా కాదు. రోజుకి మూడు నాలుగుసార్లు చొప్పున, కొన్నాళ్లు మానకుండా రాస్తేనే తేడా తెలుస్తుంది. రెండు రోజులు రాసి ‘ఏం లాభం లేదు’ అని ట్యూబు మూలన పడేసేవాళ్లే ఎక్కువ.

అయితే ఒంట్లోకి ఎంత మందు వెళ్తోందో కూడా చూడాలి. చర్మం మీద రాసిన డైక్లోఫెనాక్‌లో రక్తంలో కలిసేది, బిళ్లతో పోలిస్తే సుమారు 6 శాతమే. మోకీలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ కాస్తా అక్కడ పనిచేస్తుంది. లోతుగా ఉండే తుంటికీలుకి ఇదే జెల్ పెద్దగా పనికిరాదు. బ్రిటన్‌లో డాక్టర్లకి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో చెప్పింది కూడా ఇదే: మోకాలి అరుగుదలకి ముందు పూత మందు, అది చాలకపోతేనే బిళ్ల, అదీ తక్కువ మోతాదులో, తక్కువ రోజులు, కడుపుని కాపాడే మందు తోడుగా. పారాసెటమాల్‌ని రోజూ అలవాటుగా ఇవ్వొద్దని కూడా అంది, దానితో పెద్దగా ఫలితం లేదు గనక.

మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి వైపు. ఉద్దానం అనగానే కొబ్బరితోటలు గుర్తొచ్చే రోజులు పోయి, కిడ్నీ జబ్బు గుర్తొచ్చే రోజులు వచ్చాయి. అక్కడ ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నొప్పి బిళ్లలు కిడ్నీల మీద భారం వేస్తాయన్నది మాత్రం ఎప్పుడో తేలిన విషయం. అటువైపు పుట్టి పెరిగిన మనిషికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నెలల తరబడి బిళ్లలు మింగించడానికి నేను ససేమిరా ఒప్పుకోను. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు నీరు పోయించే మందు కూడా ఉంది. ఆ రెండింటికీ నొప్పి బిళ్ల తోడైతే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది, ఎండల్లో, విరేచనాలు పట్టుకున్నప్పుడు మరీను. అలా జరిగితే ఆపరేషన్ కూడా వెనక్కి పోతుంది. అందుకే మా ఇంట్లో రోజూ జెల్, డాక్టరు రాసిచ్చిన రోజుల్లో మాత్రమే బిళ్ల.

జెల్ కొనేటప్పుడు ట్యూబు మీద డైక్లోఫెనాక్ అని ఉందో లేదో చూడండి. ఊరికే ‘నొప్పుల ఆయింట్‌మెంట్’ అని అడిగితే మెంథాల్ బామ్ చేతిలో పెట్టొచ్చు. అది చల్లగా, హాయిగా ఉంటుంది, అంతవరకే. జెల్ రాశాక గంటసేపు కడగకూడదు, దాని మీద కాపడం పెట్టకూడదు. బిళ్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. అసెక్లోఫెనాక్ బిళ్లల్లో చాలావాటికి పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది. ఆ సంగతి తెలీక పైన డోలో (అదీ పారాసెటమాలే) కూడా వేసేవాళ్లున్నారు.

ఇక నీక్యాపా, చేతికర్రా? అమ్మ ఓటు నీక్యాప్‌కే, చీర కింద దాగిపోతుంది కాబట్టి. కర్ర మాట ఎత్తితే ‘కర్ర పట్టుకుంటే వీధిలో ఏటనుకుంటార్రా’ అంటుంది. నీక్యాప్ వెచ్చగా ఉంటుంది, కాలు నిలుస్తుందన్న ధైర్యం ఇస్తుంది, కాదనను. కానీ ఒంటి బరువులో కొంత మోకాలి మీద నుంచి తప్పించేది కర్రే. దాన్ని నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. చెప్పులు వేసుకుని నిలబడి చేయి కిందికి వదిలేస్తే మణికట్టు గీత ఎక్కడికి వస్తుందో, కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. కింద రబ్బరు బుష్ అరిగిపోతే వెంటనే మార్చాలి, లేదంటే తడి గచ్చు మీద అదే జారిపడేస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. చివరికి అమ్మని ఒప్పించింది ఈ సూత్రాలేవీ కావు, మా ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి జాత్ర. ఆ జనంలో కర్ర చూస్తే నలుగురు పక్కకి జరుగుతారు, నీక్యాప్ ఎవరికి కనిపిస్తుంది?

మందుల కంటే ముందు మార్చాల్సింది కూర్చునే తీరు అని నా అభిప్రాయం. బరంపురం అంటే అప్పడాలు, పచ్చళ్లు కదా. అమ్మ పీట మీద ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి గంటల తరబడి అప్పడాలు ఒత్తేది. లేచేటప్పుడు ఒక చేయి గోడకి, ఇంకో చేయి పప్పు డబ్బా మీద, రెండుసార్లు పైకి లేవబోయి మళ్లీ కూర్చుని, మూడోసారికి లేచేది. ఇప్పుడు అప్పడాల చెక్కా, అప్పడాల కర్రా బల్ల మీదకి ఎక్కాయి, అమ్మ కుర్చీలోకి ఎక్కింది. కింద కూర్చునే లెట్రిన్ మీద కమోడ్ కుర్చీ వేశాం. నొప్పి పోలేదు గానీ, లేచే ప్రతిసారీ పడే బాధ సగానికి సగం తగ్గింది.

విశ్రాంతి మంచిదా, కదలిక మంచిదా అంటే కదలికే. ‘నడిస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుంది’ అనేవాళ్లని పట్టించుకోకండి. కదలకపోతే తొడ కండరం కరిగిపోతుంది, ఆపరేషన్ తర్వాత లేపి నిలబెట్టాల్సింది ఆ కండరమే. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి ఐదంకెలు లెక్కపెట్టేదాకా ఉంచి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు, టీవీ చూస్తూ కూడా అయిపోతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

కాపడమా, ఐసా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. పొద్దున్నే బిగుసుకుపోయిన మోకాలికి వేడి, సాయంత్రం వాచిన మోకాలికి గుడ్డలో చుట్టిన ఐసు, ఏదైనా 15 నిమిషాలు. వావిలాకు మరిగించిన నీళ్లతో కాపడం పెట్టినా తప్పులేదు, చర్మం కాలకుండా చూసుకుంటే చాలు.

ఇంజెక్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు బాగానే పనిచేస్తుంది. కానీ ఆపరేషన్‌కి ముందు 3 నెలల్లోపు అదే మోకాలికి వేయించుకుంటే కొత్త కీలుకి ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం పెరుగుతుంది. షుగర్ కూడా కొన్ని రోజులు ఎగబాకుతుంది. తేదీ దగ్గర్లో ఉందనుకుంటే వద్దనే అంటాను, దూరం అనుకుంటే ఆపరేషన్ చేయబోయే డాక్టర్నే అడగాలి. వేలు పోసి వేయించుకునే గుజ్జు (హైలురానిక్ యాసిడ్) ఇంజెక్షన్‌ని నైస్ వద్దనే అంది. ఇక పొట్లాల్లో ఇచ్చే పేరు లేని పొడులు: రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఉన్నపళంగా మానేయడమూ ప్రమాదమే, పొట్లం పట్టుకెళ్లి డాక్టరుకి చూపించండి.

వీటిలో ఏది ఎంచుకున్నా, మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే, విరేచనం తారులా నల్లగా అయితే, మూత్రం తగ్గి పాదాలు వాస్తే మాత్రం తేదీ వచ్చేదాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు అమ్మ వాడుతున్న బిళ్లలన్నీ, బీపీవి, షుగర్‌వి, షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి.