ఒక్క ‘దిద్దుబాటు’ కథకి నాలుగు ఆదివారాలు: ఆ ఆన్‌లైన్ క్లాసు ఎలా ఉందంటే

ఒకే ఒక్క కథని నాలుగు ఆదివారాలు చదివిస్తామన్న ప్రకటన చూసి 1200 రూపాయలు కట్టి చేరాను. జూమ్‌లో, వారానికి రెండు గంటలు. కథ గురజాడ ‘దిద్దుబాటు’, పద్ధతి రూపవాద విమర్శ. అంటే రచయిత జీవితం, ఆయన ఉద్దేశం, అప్పటి సమాజం అన్నీ పక్కన పెట్టి, కాగితం మీద ఉన్న మాటలు ఏ వరసలో వచ్చి ఏం పని చేస్తున్నాయో అంతవరకే చూడటం. క్లాసు పేరు ఇక్కడ రాయను, నాకు ఒక పెద్ద ఫిర్యాదు ఉంది, అది వాళ్ళకే మెయిల్ పెట్టాను.

ముందు బాగున్నది చెప్తాను. ఈ కథ నేను చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. సానిపాటలకి మరిగిన భర్త గోపాలరావుని చదువుకున్న భార్య కమలిని దారిలో పెట్టింది, అయిపోయింది, పరీక్షలో కూడా అదే రాశాం. మొదటి క్లాసులో మేడం మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు, నిజంగానే. కథ ‘తలుపు! తలుపు!’ అని మొదలవుతుంది కదా, గంటసేపు అక్కడే ఉన్నాం. జరిగింది జరిగినట్టు చెప్తే కమలిని ఉత్తరం రాయడం, దాక్కోవడం ముందు రావాలి, గోపాలరావు రావడం తర్వాత. కథలో అది తిరగబడింది. అతనితో పాటు మనమూ బయటే నిలబడతాం, గడియారం ఒంటిగంట కొట్టడం అతనితో పాటే వింటాం, అతనికి తెలియనిది మనకీ తెలియదు. జరిగిన వరస వేరు, చెప్పిన వరస వేరు అని రష్యన్ రూపవాదులు చెప్పిన తేడా ఇదేనట. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు నాకు ఎక్కలేదు, ఈ తలుపు దగ్గర ఎక్కింది.

రెండో వారం ఇంకా బాగుంది. ఉత్తరంలో పిలుపు చూసి గోపాలరావు కుంగిపోతాడు, ‘ప్రియ’ పోయి ‘అయ్యా’ దగ్గరికి వచ్చిందే అని. పక్కన ఉన్న నౌకరు రాముడికి అది వేరేగా వినపడి ‘పెయ్య పోయిందా బాబూ’ అంటాడు. ఎన్నిసార్లు నవ్వి వదిలేశానో ఈ చోట! ప్రియ, పెయ్య, రెండు మాటల మధ్య ఉన్నది కాస్త చప్పుడు తేడా, ఆ తేడాలోనే యజమాని లోకం ఒకటి, నౌకరు లోకం ఒకటి ఉన్నాయి. పైగా ఉత్తరంలో ఏముందో తెలుసుకోవాలని మనకి టెన్షన్‌గా ఉన్నప్పుడే ఈ పెయ్య అడ్డం వచ్చి కథని ఆపుతుంది. కళ పని చూపుని ఆలస్యం చెయ్యడమే, అలవాటైపోయిన దాన్ని కొత్తగా చూపించడమే అని ఆ రష్యన్ రూపవాదుల్లో ఒకడైన ష్క్లోవ్‌స్కీ 1917లో అన్నాడు, మేడం దాన్ని ఇక్కడ అతికించిన తీరు చాలా నచ్చింది.

ఇక ఫిర్యాదు. మాకు ఇచ్చిన పీడీఎఫ్ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన పాఠం కాదు, తర్వాత అవసరాల సూర్యారావు వాడుక భాషలోకి సవరించినది. మామూలుగా చదువుకోవడానికి అది బాగానే ఉంటుంది, చాలామందికి తెలిసిందీ అదే. కానీ ఒక్కో మాటని పట్టుకుని లాగే పద్ధతికి పాఠం ఏదన్నదే ప్రాణం కదా! పాత పాఠంలో కథ చెప్పే గొంతు ‘కొట్టెను’ అన్న ధోరణిలో పెద్దమనిషిలా నడుస్తుంటే, రాముడి మాట ఉత్తరాంధ్ర యాసలో నేల మీద ఉంటుంది. ఆ ఎడమే కథలో సగం హాస్యం. సవరించిన దాంట్లో ఆ ఎడం తగ్గిపోయింది. నేను రెండూ పక్కపక్కన పెట్టి స్క్రీన్ షేర్ చేస్తే, టైమ్ లేదండీ, ముందుకెళ్దాం అన్నారు. బాధేసింది.

ఇంకోటి, మూడో వారంలో ఒకమ్మాయి ‘యాంటీ నాచ్’ అంటే ఏమిటండీ అని అడిగితే, అది కథ బయటి సంగతి, మన పద్ధతిలో అడగకూడదు అన్నారు. ఇది నేను ఒప్పుకోను. భోగం మేళాలకి వ్యతిరేకంగా వీరేశలింగం గారి కాలంలో జరిగిన ఉద్యమం పేరు అది, కథలో వచ్చే మాట అది. ఆ మాటకి అర్థం తెలియకపోతే, రాత్రిపూట మీటింగులకి వెళ్తున్నానని చెప్పి సానిపాటకి వెళ్ళొచ్చిన మనిషి నోట అది ఎంత బరువుగా పడుతుందో ఎలా తెలుస్తుంది? మాటకి అర్థం చెప్పడం చరిత్ర పాఠం చెప్పడం కాదు, నిఘంటువు చూడటం లాంటిదే.

నాలుగో వారం హడావుడిగా ముగించేశారు. మంచం కింద నుంచి నవ్వు వినపడే ఆ చివరి వాక్యానికి పది నిమిషాలు కూడా దక్కలేదు. కమలిని కథంతా గదిలోనే ఉంది, కానీ మనకి అందింది ఉత్తరం, ఆ తర్వాత నవ్వూ నగల చప్పుడూ, అంతే. మనిషి కనపడనే కనపడదు. దీని గురించే రెండు గంటలు మాట్లాడుకోవచ్చు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కథలు రాసేవాళ్ళు తప్పకుండా చేరండి, పెయ్య దగ్గర ఆగిన ఆ క్లాసు ఒక్కటే మీ ఫీజు రాబడుతుంది. చేరేముందు మాత్రం 1910 పాఠం సంపాదించి దగ్గర పెట్టుకోండి, వాళ్ళిచ్చే పీడీఎఫ్ మీద ఆధారపడకండి.