ఉద్యోగం పోయింది, ఈఎంఐ ఆగదు: పీఎఫ్ తీయాలా, బ్యాంకుకు వెళ్లాలా?

అనంతపురంలో లోన్‌తో ఇల్లు కట్టుకుని, పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయి, ఈఎస్‌ఐ (కార్మిక బీమా) ఇచ్చే నిరుద్యోగ భృతితో నెట్టుకొస్తున్నారా? అది సగటు వేతనంలో సగమే, అదీ గరిష్ఠంగా 90 రోజులు.

ఖర్చు: పీఎఫ్ మన డబ్బే, కానీ అయిదేళ్ల సర్వీసు నిండకపోతే పన్ను పడొచ్చు. లోన్ గడువు పెంచుకుంటే ఈఎంఐ తగ్గుతుంది, మొత్తం వడ్డీ పెరుగుతుంది.

శ్రమ: పీఎఫ్‌కు ఆన్‌లైన్ చాలు. బ్యాంకులో అయితే గడువు పెంచమని అర్జీ, మేనేజర్ చుట్టూ తిరగడం, ఒప్పుకుంటారో లేదోనని టెన్షన్.

రిస్కు: ఇక్కడే జాగ్రత్త. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ), ఆపైన 60 రోజుల సర్ఫేసీ నోటీసు, అంటే కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని. అందుకే ఒక్క వాయిదా కూడా తప్పకముందే అర్జీ ఇవ్వాలి. ఇలా లోన్ షరతులు మార్పించుకుంటే (రీస్ట్రక్చరింగ్) సిబిల్‌లో, అంటే మన అప్పుల రికార్డులో కనబడుతుంది, అయినా వాయిదాలు ఎగ్గొట్టడం కంటే నయం.

రెండు మూడు నెలల్లో పని దొరికేలా ఉంటే పీఎఫ్‌లో కొంత తీయొచ్చు. ఎప్పుడు దొరుకుతుందో తెలియకపోతే బ్యాంకుకే వెళ్లాలి. పీఎఫ్‌ను బియ్యానికి, బడి ఫీజుకు ఉంచుకోవాలి.